నర్సింగ్ ఎడ్యుకేషన్‌లో ఆన్‌లైన్ ఎంఎస్ఎన్: డ్యూటీలు చేసుకుంటూ టీచర్ అవ్వాలనుకునే నర్సుకు అడుగడుగునా

నర్సింగ్ ఎడ్యుకేషన్‌లో ఆన్‌లైన్ ఎంఎస్ఎన్ (నర్సింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ) చదువుతున్నాను, నా కోర్సులన్నీ అయిపోయి ప్రాక్టికమ్ (స్వయంగా పాఠాలు చెప్పి చూపించే సాధన) ఒక్కటే మిగిలింది. అది మొదలవడానికి పది రోజుల ముందు, ప్రిసెప్టర్‌గా (ఆ సాధనలో దగ్గరుండి నేర్పే టీచర్‌గా) ఉంటానని ఒప్పుకున్న ఆవిడ ఫోన్ చేసి ఉద్యోగం మారుతున్నానని చెప్పారు. యూనివర్సిటీకి మెయిల్ పెడితే ప్రిసెప్టర్‌ని వెతుక్కోవడం స్టూడెంట్ బాధ్యత అని, అది హ్యాండ్‌బుక్‌లోనే ఉందని జవాబొచ్చింది. తీసి చూస్తే నిజంగానే ఉంది. ఆ టర్మ్ మొత్తం పోయింది, గ్రాడ్యుయేషన్ నాలుగు నెలలు వెనక్కి వెళ్లింది. అందుకే అమెరికాలో ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) పనిచేస్తూ ఈ చదువు గురించి ఆలోచిస్తున్న ప్రతి ఒక్కరికీ నేను ముందుగా చెప్పేది ఒకటే. క్లాసులు ఆన్‌లైన్‌లో ఉన్నా, ఈ డిగ్రీ పూర్తవ్వాలంటే ఒక నిజమైన కాలేజీలోనో హాస్పిటల్‌లోనో నిజమైన స్టూడెంట్ల ముందు నిలబడాలి, ఆ చోటు ఎక్కడ దొరుకుతుందో ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి. కింద రాసిందంతా ఆ చివరి మెట్టుని ముందు నుంచే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

1. ఎవరికి పాఠం చెప్పాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి

ఈ డిగ్రీతో వెళ్లగలిగే దారులు ఒకదానికొకటి చాలా తేడాగా ఉంటాయి. కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ స్టూడెంట్లకి చెప్పడం ఒకటి, యూనివర్సిటీలో బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ) వాళ్లకి చెప్పడం ఇంకొకటి. హాస్పిటల్‌లోనే ఉండి కొత్త నర్సులకి ఓరియెంటేషన్, స్కిల్స్ ట్రైనింగ్ ఇచ్చే ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ పోస్టులు పూర్తిగా వేరే. కమ్యూనిటీ కాలేజీలకి సాధారణంగా ఎంఎస్ఎన్ సరిపోతుంది. యూనివర్సిటీలో టెన్యూర్ ట్రాక్ (శాశ్వత ప్రొఫెసర్ పోస్టుకి దారి) కావాలంటే మాత్రం ముందుముందు పీహెచ్‌డీయో డీఎన్‌పీయో (నర్సింగ్ ప్రాక్టీస్‌లో డాక్టరేట్) చేయాల్సి వస్తుంది, కాబట్టి అదే మీ కోరికైతే మీరు చదవబోయే చోట తీసుకున్న క్రెడిట్లు ఆ తర్వాత డాక్టరేట్‌కి ఉపయోగపడతాయో లేదో ఇప్పుడే అడగండి.

ఇంకో విషయం, చాలామంది పొరబడేది. నర్సింగ్ ఎడ్యుకేషన్‌లో ఎంఎస్ఎన్ చేస్తే మీరు నర్స్ ప్రాక్టిషనర్ అవ్వరు. మందులు రాసే అధికారం రాదు, కొత్త లైసెన్స్ ఏదీ రాదు, మీ ఆర్ఎన్ లైసెన్సే ఉంటుంది. పేషెంట్లని సొంతంగా చూడాలన్నది మీ కోరికైతే ఇది మీ చదువు కాదు.

డబ్బు విషయం కూడా దాచకుండా చెప్పాలి. లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో లెక్కల్లో 2023 మే నాటికి ఆర్ఎన్‌ల మధ్యస్థ వార్షిక జీతం 86,070 డాలర్లు, కాలేజీల్లో నర్సింగ్ చెప్పేవాళ్లది 80,780. అంటే ఇంకో డిగ్రీ చేసి తక్కువ జీతానికి వెళ్లే అవకాశం నిజంగా ఉంది, నైట్ డిఫరెన్షియల్ (రాత్రి డ్యూటీకి ఇచ్చే అదనపు డబ్బు), ఓవర్‌టైమ్ కూడా పోతాయి కాబట్టి ఇంట్లో ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మరోవైపు టీచర్ల కొరత కూడా అంతే నిజం. 2023లో బీఎస్ఎన్, ఆపై కోర్సులకి అర్హత ఉండి కూడా సీటివ్వలేక తిప్పి పంపిన దరఖాస్తులు 65,766 అని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ కాలేజెస్ ఆఫ్ నర్సింగ్ లెక్క కట్టింది. ఒకే మనిషి నాలుగు చోట్ల అప్లై చేసి ఉండొచ్చు గనక అది మనుషుల లెక్క కాదు, అయినా చిన్న సంఖ్య కాదు. చెప్పేవాళ్లు చాలకపోవడం దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. నేను ఈ లెక్కలన్నీ చూసుకునే వచ్చాను, మీరూ చూసుకునే రండి.

2. అర్హతలు, మన దేశం డిగ్రీ ఉన్నవాళ్లకి పడే అదనపు పని

మామూలుగా అడిగేవి బీఎస్ఎన్, ఏ కేసూ ఆంక్షా లేని ఆర్ఎన్ లైసెన్స్, 3.0 దగ్గర్లో జీపీఏ, చాలా చోట్ల ఒక స్టాటిస్టిక్స్ కోర్సు. జీఆర్ఈ అడిగేవాళ్లు బాగా తగ్గిపోయారు.

మన దగ్గర నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకి సాధారణంగా ఇబ్బంది ఉండదు కానీ డిగ్రీని కోర్సు కోర్సుకీ విడదీసి చూపించే క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ అడుగుతారు. లైసెన్స్ కోసం ఒకసారి చేయించాం కదా అనుకోవద్దు, ఆ రిపోర్ట్‌నే తీసుకుంటారో కొత్తది కావాలంటారో అడ్మిషన్స్ వాళ్లని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ట్రాన్‌స్క్రిప్ట్‌లు నేరుగా యూనివర్సిటీ నుంచే రావాలంటారు, అక్కడ ఎవరో ఒకరు ఆఫీసు చుట్టూ తిరిగితే తప్ప కవర్ కదలదు, కాబట్టి అప్లికేషన్ గడువుకి ఆరు నెలల ముందే ఇంట్లోవాళ్లకి ఆ పని అప్పజెప్పండి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి వచ్చినవాళ్లకి అది బీఎస్ఎన్‌తో సమానంగా లెక్కకి రాకపోవచ్చు. అలాంటివాళ్లు ఆర్ఎన్ టు ఎంఎస్ఎన్ అనే బ్రిడ్జి ప్రోగ్రాములు చూడాలి, ఏడాది అటూ ఇటూ ఎక్కువ పట్టినా ఒకే దారిలో రెండూ అయిపోతాయి.

వీసా గురించి. హెచ్1బీ, హెచ్4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. కానీ పూర్తిగా ఆన్‌లైన్‌లో ఉన్న డిగ్రీ చూపించి ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద అమెరికా రావడం కుదరదు, ఎఫ్1 వాళ్ల ఫుల్‌టైమ్ లెక్కలోకి టర్మ్‌కి ఒక ఆన్‌లైన్ క్లాసు మించి రాదు.

కొన్నేళ్ల తర్వాత తిరిగి వెళ్లి మన దేశంలో నర్సింగ్ కాలేజీలో చెప్పాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ఇక్కడే ఆగి ఆలోచించాలి. యూజీసీ నిబంధనల ప్రకారం నర్సింగ్ డిగ్రీని ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఇవ్వకూడదు, అక్కడ దారి రెగ్యులర్ ఎంఎస్సీ నర్సింగే. ఇక్కడి ఆన్‌లైన్ డిగ్రీ అక్కడ చెల్లుతుందన్న ఆశతో డబ్బు పెట్టొద్దు.

3. ప్రోగ్రామ్ ఎంచుకోవడం: అందమైన వెబ్‌సైట్ పక్కనపెట్టి ఇవి చూడండి

మొదటిది అక్రెడిటేషన్. నర్సింగ్‌కి సంబంధించి సీసీఎన్ఈ, ఏసీఈఎన్, ఎన్ఎల్ఎన్ సీఎన్ఈఏ అనే మూడింట్లో ఏదో ఒకదాని గుర్తింపు ఉండాలి. యూనివర్సిటీ మొత్తానికి ఉండే గుర్తింపు వేరు, నర్సింగ్ ప్రోగ్రామ్‌కి ఉండేది వేరు, రెండూ కావాలి. యూనివర్సిటీ సైట్‌లో ఉన్న లోగో నమ్మకుండా ఆ సంస్థల సైట్‌లోకే వెళ్లి పేరు వెతకండి, అందులో బ్యాచిలర్స్‌కే గుర్తింపు ఉందా మాస్టర్స్‌కి కూడా ఉందా అన్నది చూడండి.

రెండోది మీ రాష్ట్రం. ఆన్‌లైన్ అంటే ఎక్కడినుంచైనా చదవొచ్చు అనుకుంటాం గానీ, వేరే రాష్ట్రం యూనివర్సిటీకి మీ రాష్ట్రంలో ఉన్న స్టూడెంట్‌ని చేర్చుకునే అనుమతి ఉండాలి. దీనికి సారా అనే ఒప్పందం ఉంది, కాలిఫోర్నియా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ అందులో ఉన్నాయి. కానీ సారాలో ఉన్నంత మాత్రాన మీ నర్సింగ్ బోర్డు ప్రాక్టికమ్‌కి ఒప్పుకున్నట్టు కాదు. "నేను ఫలానా రాష్ట్రంలో ఉంటాను, ఇక్కడే ప్రాక్టికమ్ చేస్తాను, మీకు అనుమతి ఉందా" అని అడగండి. చదువు మధ్యలో రాష్ట్రం మారే ఆలోచన ఉంటే ఆ రాష్ట్రం గురించి కూడా అడగండి, మధ్యలో ఇల్లు మారి ఇరుక్కున్నవాళ్లని నేను చూశాను.

మూడోది పాఠ్యాంశాలు. అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, హెల్త్ అసెస్‌మెంట్ అనే మూడు గ్రాడ్యుయేట్ కోర్సులున్న ప్రోగ్రామ్ ఎంచుకోమనే నా సలహా. కష్టంగానే ఉంటాయి. కానీ రేపు స్టూడెంట్ "ఎందుకలా జరుగుతుంది మేడమ్" అని అడిగినప్పుడు జవాబు అక్కడి నుంచే వస్తుంది, ఫ్యాకల్టీని తీసుకునేటప్పుడు వీటిని చూసే కాలేజీలూ ఉన్నాయి. వాటితో పాటు కరిక్యులమ్ డిజైన్, టీచింగ్ పద్ధతులు, పరీక్షలూ మూల్యాంకనం అనే మూడు విషయాలకి విడివిడిగా కోర్సులు ఉండాలి, అన్నీ కలిపి ఒకే కోర్సులో తోసేసిన చోటు వద్దు.

నాలుగోది చదువు నడిచే తీరు. కొన్ని ప్రోగ్రాముల్లో వారం వారం గడువులు, డిస్కషన్ పోస్టులు, సెమిస్టర్లు ఉంటాయి. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఆరు నెలల టర్మ్‌కి ఒకే ఫీజు, ఆ టర్మ్‌లో ఎన్ని కోర్సులు పూర్తి చేసుకోగలిగితే అన్ని. కపెల్లా వాళ్ల ఫ్లెక్స్‌పాత్ కూడా ఆ కోవలోదే. ఎవరూ వెంటపడకపోయినా కూర్చుని చదివేవాళ్లకి రెండో రకం డబ్బూ సమయమూ మిగులుస్తుంది. గడువు లేకపోతే పని వాయిదా పడే అలవాటున్నవాళ్లకి, చిన్న పిల్లలున్న ఇళ్లకి, మొదటి రకమే మంచిదని నా అనుభవం. ఫుల్‌టైమ్ డ్యూటీ చేస్తూ చదివితే రెండు నుంచి మూడేళ్లు వేసుకోండి. పద్దెనిమిది నెలల్లో అయిపోతుందని ప్రకటనలో ఉంటుంది, అయ్యేవాళ్లూ ఉంటారు, కానీ వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేసేవాళ్లు దాన్ని నమ్ముకుని సెలవులూ ప్రయాణాలూ ప్లాన్ చేసుకోవద్దు.

ఇప్పటికే వేరే స్పెషాలిటీలో ఎంఎస్ఎన్ ఉంటే ఇదంతా మళ్లీ అక్కర్లేదు. పోస్ట్ మాస్టర్స్ సర్టిఫికెట్ చాలు.

4. ఫీజు

ముందు మీ హాస్పిటల్ హెచ్ఆర్‌ని అడగండి. యజమాని చదువు కోసం ఇచ్చే డబ్బులో ఏడాదికి 5,250 డాలర్ల వరకు చాలాకాలంగా పన్ను లేదు, చాలా హాస్పిటళ్లు ఆ లెక్కకి దగ్గర్లోనే ఇస్తాయి. ఇక్కడ చిన్న కిటుకు ఉంది. ఆ మొత్తం క్యాలెండర్ ఏడాదికి లెక్క కాబట్టి, డిసెంబర్ లోపు ఒక టర్మ్, జనవరి తర్వాత ఒక టర్మ్ ఫీజు కట్టేలా చూసుకుంటే రెండేళ్ల చదువుకి మూడు ఏళ్ల కోటా వాడుకోవచ్చు. అయితే డబ్బు తీసుకున్నాక ఎన్నాళ్లు అక్కడే పనిచేయాలో షరతు ఉంటుంది, అది చదివి సంతకం పెట్టండి. చదువవగానే కాలేజీకి వెళ్లిపోదామనుకునే మనకి ఆ షరతే అడ్డం వస్తుంది.

గ్రీన్‌కార్డ్ లేదా సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు) నింపాలి, మాస్టర్స్ వాళ్లకి ఫెడరల్ అన్‌సబ్సిడైజ్డ్ లోన్ ఏడాదికి 20,500 డాలర్ల వరకు ఉంటుంది. గ్రాడ్ ప్లస్ అనే ఇంకో ఫెడరల్ లోన్‌ని 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి ఆపేస్తూ 2025లో చట్టం వచ్చింది కాబట్టి పాత సలహాలు చూసి దాని మీద ఆధారపడొద్దు. హెచ్1బీ వాళ్లకి ఇవేవీ రావు.

నాకు చాలా ఆలస్యంగా తెలిసింది నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రామ్ (ఎన్ఎఫ్ఎల్‌పీ) గురించి. నర్సింగ్ టీచర్లు కావాలనుకునేవాళ్ల కోసమే ఫెడరల్ సంస్థ హెచ్ఆర్ఎస్ఏ నిధులతో యూనివర్సిటీలు ఇచ్చే అప్పు ఇది. చదువయ్యాక నాలుగేళ్లు ఫుల్‌టైమ్ నర్సింగ్ ఫ్యాకల్టీగా పనిచేస్తే అప్పులో 85 శాతం వరకు రద్దు చేస్తారు. సిటిజన్లకి, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి మాత్రమే, అదీ ఆ పథకంలో ఉన్న యూనివర్సిటీలోనే. అందుకే యూనివర్సిటీల జాబితా వేసుకునేటప్పుడే "మీ దగ్గర ఎన్ఎఫ్ఎల్‌పీ ఉందా, ఎంఎస్ఎన్ వాళ్లకి ఇస్తారా" అన్న ప్రశ్న కూడా అడిగేయండి.

5. అప్లికేషన్

దీని గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. వ్యాసం ఒక్కటి జాగ్రత్తగా రాయండి. "చిన్నప్పటి నుంచి నర్సింగ్ అంటే ఇష్టం" లాంటి మాటలు వదిలేసి, మీరు ఎవరికైనా ఏదైనా నేర్పిన ఒక సంఘటన రాయండి. కొత్త గ్రాడ్యుయేట్‌కి సెంట్రల్ లైన్ డ్రెస్సింగ్ మార్చడం నేర్పినప్పుడు తను ఎక్కడ తడబడింది, మీరు చెప్పే తీరు ఎలా మార్చుకున్నారు అన్నది ఒక పేరా రాస్తే చాలు, చదివేవాళ్లకి మీలో టీచర్ కనిపిస్తారు. సిఫార్సు లేఖల్లో ఒకటి మీ మేనేజర్‌ది, ఇంకొకటి మీరు నేర్పిన పని చూసిన ఎడ్యుకేటర్‌ది అయితే బాగుంటుంది.

6. ప్రాక్టికమ్, దీన్ని రెండుసార్లు చదవండి

ఎన్ని గంటలన్నది ప్రోగ్రామ్‌ని బట్టి మారుతుంది, అందుకే మొదటి ప్రశ్న అదే. రెండో ప్రశ్న ప్రిసెప్టర్‌ని ఎవరు వెతకాలి. "మేం సాయం చేస్తాం" అని ఫోన్‌లో అంటారు. సాయం అంటే ఏంటో మెయిల్‌లో రాయించుకోండి: చోటు దొరకకపోతే వాళ్లే చూపిస్తారా, లేక ఒక జాబితా ఇచ్చి ఊరుకుంటారా? చోటు ఆలస్యమైతే ఆ టర్మ్ ఫీజు వెనక్కి వస్తుందా? హ్యాండ్‌బుక్ చేరకముందే పంపమనండి. పంపని చోట చేరొద్దు.

ప్రిసెప్టర్‌కి మాస్టర్స్ లేదా ఆపై డిగ్రీ ఉండి, టీచింగ్ పనిలో ఉండాలని అడుగుతారు. ఇలాంటివాళ్లని ఎక్కడ వెతకాలి? మీ వార్డులోనే. వారానికి రెండు రోజులు ఎనిమిది పది మంది స్టూడెంట్లని వెంటేసుకుని మీ ఫ్లోర్‌కి వచ్చే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు చూడండి, ఆవిడతో మాట్లాడండి. నా మొదటి ప్రిసెప్టర్ వెళ్లిపోయాక నన్ను ఆదుకున్నది అలాంటి ఒకావిడే. ఎన్నోసార్లు ఆవిడ స్టూడెంట్లకి నా పేషెంట్లని చూపించాను, ఏనాడూ ఆవిడ పేరు కూడా అడగలేదు. చదువు మొదలైన మొదటి నెలలోనే పరిచయం పెంచుకుని ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

అడిగేటప్పుడు మెయిల్ చిన్నగా ఉంచండి. మీరెవరు, ఏ ప్రోగ్రామ్, ఎన్ని గంటలు, ఏ నెల నుంచి ఏ నెల వరకు, వాళ్లు చేయాల్సిన పని ఎంత, వాళ్లకి మీరు ఏం చేసి పెట్టగలరు. చివరిది చాలామంది మర్చిపోతారు. "మీ స్కిల్స్ ల్యాబ్‌లో శనివారాలు సాయం చేస్తాను, ఒక సిమ్యులేషన్ కేసు తయారు చేసి ఇస్తాను" అంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒకరు సరేనన్నాక కూడా ఇంకొకరిని సిద్ధంగా ఉంచుకోండి, ఆ రెండో మనిషికి ముందే ఆ మాట చెప్పి అడగండి.

తర్వాత కాగితాలు. మీ యూనివర్సిటీకీ మీరు ప్రాక్టికమ్ చేసే సంస్థకీ మధ్య అఫిలియేషన్ అగ్రిమెంట్ ఉండాలి. ఇద్దరి లీగల్ వాళ్లూ చదివి, మార్చి, మళ్లీ పంపుకుని సంతకాలు పెట్టేసరికి నెలలు పడుతుంది. ఇప్పటికే అగ్రిమెంట్ ఉన్న చోట్ల జాబితా అడిగితే ఆ నెలలు కలిసొస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్, టీకాల రికార్డులు, బీఎల్ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) సర్టిఫికెట్, లయబిలిటీ ఇన్సూరెన్స్ అన్నీ గడువు తేదీలు చూసుకుని ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. మీరు పనిచేసే హాస్పిటల్‌లోనే చేయొచ్చా అంటే చాలా చోట్ల చేయొచ్చు, కానీ మీ సొంత యూనిట్‌లో, జీతం వచ్చే గంటల్లో కుదరదంటారు. పక్క రాష్ట్రంలో చేస్తే అక్కడి లైసెన్స్ కూడా కావాలి, కాంపాక్ట్ లైసెన్స్ ఉంటే దాని పరిధిలోని రాష్ట్రాల్లో ఆ బాధ తప్పుతుంది.

7. చదివేటప్పుడు

పదేళ్ల ఐసీయూ అనుభవం ఉంది, చెప్పడం ఏముంది అనుకుని చాలామంది వస్తారు. పని తెలిసినవాళ్లకి అందులో ఏది కష్టమో గుర్తుండదు, మనం ఆలోచించకుండా చేసేసే పదిహేను అడుగులు స్టూడెంట్‌కి పదిహేను గోడలు. ఈ డిగ్రీలో నేర్చుకునేది ఆ గోడలు చూడడం.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ప్రశ్నలు రాయడం నేర్పిన కోర్సు. "కిందివాటిలో హైపోకలేమియా (రక్తంలో పొటాషియం తగ్గడం) లక్షణం ఏది?" అని అడిగితే బట్టీపట్టిన పిల్ల రాసేస్తుంది. అదే ఇలా అడగండి: ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో నీరు తీసే మందు) తీసుకుంటున్న పేషెంట్ కాళ్లు పీకుతున్నాయంటున్నాడు, పొద్దున వచ్చిన పొటాషియం 2.9, తొమ్మిదింటికి డిజాక్సిన్ (గుండె మందు) వేయాలి, మీరు మొదట ఏం చేస్తారు? ఇప్పుడు స్టూడెంట్ మూడు విషయాలు కలిపి ఆలోచించాలి. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్స్ పరీక్ష) కొత్త రూపంలోకి మారింది, క్లినికల్ జడ్జ్‌మెంట్‌ని కొలిచే కేసు ప్రశ్నలు వచ్చాయి, కాబట్టి ఇలా రాయడం వచ్చిన టీచర్‌కి ఇప్పుడు చాలా విలువ ఉంది. పరీక్ష పెట్టాక దాని లెక్కలు చదవడం కూడా నేర్పిస్తారు. ఎంతమంది సరిగ్గా రాశారన్నది ఒక అంకె. బాగా చదివేవాళ్లు తప్పు రాసి, చదవనివాళ్లు ఒప్పు రాశారా అని చెప్పేది పాయింట్ బైసీరియల్ అనే ఇంకో అంకె. అది మైనస్‌లో ఉంటే ముందు మీ జవాబుల కీ సరిచూసుకోండి, తర్వాత ప్రశ్న మళ్లీ చదవండి. మార్కుల మీద ఒక మనిషి భవిష్యత్తు ఆధారపడి ఉన్నప్పుడు ఈ పని వదిలేసే హక్కు టీచర్‌కి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

సిమ్యులేషన్ (పేషెంట్ బదులు బొమ్మతో చేయించే సాధన) మీద కూడా మనసు పెట్టండి. క్లినికల్ గంటల్లో సగం వరకు మంచి సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా ఫలితాల్లో తేడా రాలేదని ఎన్‌సీఎస్‌బీఎన్ (రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ కౌన్సిల్) 2014లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. అందులో "మంచి" అన్న మాటే ముఖ్యం. బొమ్మ ముందు నడిచే పదిహేను నిమిషాల కంటే తర్వాత కూర్చుని మాట్లాడుకునే డీబ్రీఫింగ్‌లోనే ఎక్కువ నేర్చుకుంటారు, అక్కడ స్టూడెంట్‌ని తప్పుపట్టకుండా "అప్పుడు నీకేం అనిపించింది, అందుకే అలా చేశావా" అని అడగడం సాధనతో గానీ రాదు.

రోజువారీ సంగతులు కొన్ని. మొదటి టర్మ్‌లో ఒకటే కోర్సు తీసుకోండి. నైట్ డ్యూటీ దిగి వచ్చి పేపర్ రాయాలని కూర్చోవద్దు, నిద్రపోయి లేచాక రాయండి, అందుకు షెడ్యూల్‌లో వారానికి రెండు చోట్ల మూడేసి గంటలు చదువుకి అని రాసి పెట్టుకోండి. ఏపీఏ ఏడో ఎడిషన్ పద్ధతి మొదటి వారంలోనే నేర్చుకుంటే ప్రతి పేపర్‌లో పోయే మార్కులు ఆగుతాయి. ఏఐతో రాయించి పెట్టడం గురించి ఒక్క మాట: రేపు మీరే స్టూడెంట్ల పేపర్లు దిద్దాలి, ఇవాళ మీరు రాయకపోతే రేపు ఏది బాగుందో మీకు తెలియదు.

8. డిగ్రీ చేతికొచ్చే ముందే ఉద్యోగం వైపు

ఎన్ఎల్ఎన్ (నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్) 2005 నుంచి నిర్వహిస్తున్న సీఎన్ఈ (సర్టిఫైడ్ నర్స్ ఎడ్యుకేటర్) పరీక్ష ఉంది, 150 ప్రశ్నలు, అందులో 130కే మార్కులు, మూడు గంటల సమయం. నర్సింగ్ ఎడ్యుకేషన్‌లోనే మాస్టర్స్ చేసినవాళ్లు టీచింగ్ అనుభవం లేకపోయినా రాయొచ్చు. కోర్సులు తాజాగా ఉన్నప్పుడే, డిగ్రీ అయిన కొద్ది నెలల్లోనే రాసేయండి. సర్టిఫికెట్ ఐదేళ్లు ఉంటుంది.

ఉద్యోగానికి దగ్గరి దారి పార్ట్‌టైమ్ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్. వారానికి ఒకటి రెండు రోజులు, మీకు తెలిసిన హాస్పిటల్‌లోనే. కొన్ని రాష్ట్రాల్లో బీఎస్ఎన్‌తో మాస్టర్స్ చదువుతున్నవాళ్లని కూడా ఈ పనికి తీసుకుంటారు, మీ బోర్డు నియమం చూసి కాలేజీ డైరెక్టర్‌కి రెజ్యూమె పంపండి. ఆ రెజ్యూమెలో మీరు ఓరియెంట్ చేసిన కొత్త నర్సులు, తీసుకున్న ఇన్‌సర్వీస్ క్లాసులు, ప్రాక్టికమ్‌లో తయారు చేసిన పాఠాలు అన్నీ లెక్కతో రాయండి. ఇంటర్వ్యూలో పావుగంట పాఠం చెప్పమంటారు. మీకు నిద్రలో అడిగినా వచ్చే టాపిక్ తీసుకోండి, స్లైడ్లు ఐదు మించొద్దు, మధ్యలో ఒక్కసారైనా ఆగి వాళ్లనే ఒక ప్రశ్న అడిగి జవాబు వచ్చేదాకా ఆగండి. నా ఇంటర్వ్యూలో ఆ మౌనం దాదాపు పది సెకన్లు సాగింది, డైరెక్టర్ తర్వాత ప్రత్యేకంగా మాట్లాడింది దాని గురించే.